రేగుపొదల్లో బావ

ఇంతవరకూ నా మాట ఎవరూ వినిపించుకోలేదు. ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా అడుగుతూనే ఉన్నాను. అక్కని అడిగితే "ముందు అన్నం తిను, పులుసు చల్లారిపోతంది" అంటుంది. మేనకోడలు ఫోన్‌లోకి తల దించేస్తుంది. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో సూటిగా ప్రశ్న పెడితే నలుగురు నవ్వే బొమ్మలు పెట్టారు. వెంటనే ఎవరిదో పెళ్లిరోజని ఇంకెవరో కేకు బొమ్మ పెట్టారు. ఆ శుభాకాంక్షల తోపులాటలో నా ప్రశ్న ఎక్కడికో పైకి పోయింది. జవాబు చెప్పవలసిన మనిషి మా బావ. ఆయన ఆ ప్రశ్న చూడనట్టే ఉండిపోయాడు. చూశాడు. చూసినవాళ్ల పేర్లలో ఆయన పేరు నా కళ్లతో చదివాను.

అందుకని ఇప్పుడు రాస్తున్నాను. లంబసింగి దాటాక ఒక కొండ మీద, పొద్దున్నే పొగమంచులో, ఎలుగుబంటి ముందు నన్ను వదిలేసి మా బావ కిందికి దిగిపోయాడు. ఎందుకు దిగిపోయాడో చెప్పాలి. నేను అడుగుతున్నది ఇంతే.

మేం కిందివాళ్లం, మైదానం వాళ్లం. మా తాత నర్సీపట్నం వైపు నుంచి ఏజెన్సీకి వచ్చి కిరాణా కొట్టు పెట్టాడు. సంతకొచ్చే కొండ ఊళ్లవాళ్లకి ఉప్పూ ఎండుచేపలూ టార్చి బ్యాటరీలూ అమ్ముతూ నేను ఇక్కడే పెరిగాను. కొండల మధ్య పెరిగానే గాని కొండ ఎక్కినవాణ్ని కాదు. కొట్టు వదిలి ఎక్కడికి పోతాను? అక్కని మాత్రం విశాఖపట్నం ఇచ్చాం. బావ అక్కడే ఉద్యోగం చేస్తాడు. కొండలెక్కే సరదా ఆయనది.

ఆ సరదాతోనే నేపాల్ ప్రయాణం పెట్టుకున్నాడు. "ఒరే, నువ్వూ రా, మంచుకొండలు సూద్దువు గాని" అని పిలిచింది ఆయనే. నేను బూట్లు కొన్నాను. కొట్టు చూడటానికి మనిషిని మాట్లాడాను. తీరా వాళ్లు బయల్దేరిన సంగతి ఫోటోల్లో చూసి తెలుసుకున్నాను. నా బదులు ఆఫీసులో ఎవరో స్నేహితుణ్ని తీసుకుపోయాడు. తర్వాత అడిగితే "నీకు కొట్టు ఉందిగదరా" అన్నాడు. పిలిచినప్పుడు లేదా నాకు కొట్టు? ఆ బూట్లు వేసుకుని రెండు వానాకాలాలు గోదాములో బస్తాలు మోశాను.

వచ్చాక ఫోటోలన్నీ టీవీకి తగిలించి మమ్మల్నందర్నీ కూర్చోబెట్టాడు. మెడలో గంటలు కట్టిన జడలబర్రెలు. నెమలికి చుట్టంలాంటి రంగురంగుల కోడి. బండరాళ్ల మీద మేకలు. మంచులో ఏదో గుంట చూపించి "ఇది మంచు చిరుత అడుగు" అన్నాడు. "అడుగేనా, గొయ్యా బావా?" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. అక్క నన్ను గిల్లింది. ఆ రాత్రే చెప్పాడు, కొండ మీద మొదటి నియమం ఏమిటంటే ఒకర్ని వదిలి ఇంకొకరు దిగకూడదని. నేపాల్లో వాళ్ల గైడు చెప్పాడట. ఆ మాట నేను మరిచిపోలేదు.

మళ్లీ చలికాలం రాగానే మా ఇంటికి దిగాడు. చేతిలో రెండు కర్రలు, మెడలో ఈల, తలకి చెవుల టోపీ. "రారా, మీ కొండలు నీకు సూపిస్తాను" అన్నాడు. పుట్టినప్పటి నుంచి ఈ కొండల కిందే ఉన్నవాడితో అనే మాటా అది? అయినా వెళ్లాను. అక్క కోసం వెళ్లాను. బావకి చలిగాలి పడదు, ఆయాసం వస్తుంది. అక్క ఇన్‌హేలర్ నా చొక్కా జేబులో పెట్టి, "పంపు నీ దగ్గరే ఉంచు తమ్ముడూ. ఆయన దగ్గరుంటే ఎక్కడో పారేత్తాడు. ఆయాసం వస్తే వెంటనే నోట్లో పెట్టెయ్" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

తారు రోడ్డు ఆగిపోయిన చోట జీపు ఆపాం. డ్రైవర్ జీపులోనే ఉండిపోయాడు. దారి చూపడానికి అక్కడి ఊరి మనిషి ఒకడు భుజాన గొడ్డలితో వచ్చాడు. ప్రతి సంతకీ మా కొట్టుకొచ్చి అరువు పొగాకు తీసుకుపోయే మనిషే. నన్ను సావుకారూ అంటాడు. మనిషికి నోరెక్కువ, తొందర తక్కువ. చుట్ట ఆరితే ఆగుతాడు, వెలిగితే ఆగుతాడు.

పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే పది అడుగుల అవతల మనిషి కనిపించలేదు. నాకు స్థిమితం లేదు. కొట్టు తీశారో లేదో, జీపు డ్రైవర్ ఉంటాడో పోతాడో, ఏ రాయి మీద కాలు జారుతుందో. బావ సంచీ కూడా నా భుజం మీదే. సిల్వర్ ఓక్ చెట్టు మీద బెట్టుడుత ఒకటి, పిల్లంత ఉంది, తోక వేలాడేసుకుని మమ్మల్ని తిడుతున్నట్టు అరిచింది. ఎంతో బావుంది. "బావా, చూడు" అన్నాను. "నేపాల్లో ఇంతకి రెట్టింపు ఉడతలున్నాయిరా" అన్నాడు. కాసేపటికి తల మీదుగా పెద్ద పక్షి ఏదో చాప దులిపినట్టు రెక్కల చప్పుడు చేస్తూ పోయింది. దానికీ నేపాల్లో పెద్దన్న ఉన్నాడు. చివరికి మేం మెల్లగా నడుస్తున్నామని విసుక్కుని, కర్రలు టకటకలాడించుకుంటూ బావ ముందుకు పోయాడు. మంచులో కలిసిపోయాడు.

"బావా, ఆగు!" అని అరిచాను.

"మీరు బేగి రండి!" అని పైనుంచి వినబడింది. కొండ మీద ఆయన నాతో అన్న ఆఖరి మాట అది.

కొంచెం పైకెక్కాక మా దారి మనిషి ఉన్నట్టుండి ఆగిపోయాడు. వెనక్కి చెయ్యి చాపి నా స్వెట్టర్ పట్టుకున్నాడు. నోట్లో చుట్ట తీసి కింద పడేశాడు. గుసగుసగా అన్నాడు.

"సావుకారూ, కదలకు. బావున్నాడు."

"ఎక్కడ?"

"అదిగో, ఆ రేగుపొదల్లో. పళ్లు తింటన్నాడు."

నాకు ఆశ్చర్యం కలగలేదు. మా బావకి దారిలో ఏది కనిపించినా నోట్లో వేసుకునే అలవాటుంది.

"పిలువు మరి" అన్నాను.

"పిలుత్తారేటి! తిండి కాడ కదిపితే మా సెడ్డ కోపం. మొహం పీకేత్తాడు."

అదీ నిజమే అనిపించింది. అన్నం తినేటప్పుడు ఆయన జోలికి ఎవరూ పోరు. ఈ మనిషికి ఒక్క పూటలో ఇంత బాగా ఎలా తెలిసిందా అనుకున్నాను.

అప్పుడు పొదల్లోంచి ఊపిరి వినబడింది. మామూలు ఊపిరి కాదు. కొలిమి తిత్తి లాగినట్టు లోపలికి పీల్చడం, బుస్సుమని వదలడం, మళ్లీ పీల్చడం. మధ్యలో మూలుగు. కొమ్మలు విరుగుతున్నాయి. బావకి ఆయాసం వచ్చేసింది, ముళ్లలో పడి కొట్టుకుంటున్నాడు, ఆయన ఊపిరి నా జేబులో ఉంది. అక్క ముఖం కళ్ల ముందుకొచ్చింది. స్వెట్టర్ విదిలించుకుని పరిగెత్తాను. వెనక నుంచి ఆ మనిషి "ఓలమ్మో, సావుకారూ!" అని ఏదో అంటున్నాడు. నేను వినలేదు.

"బావా!" అని అరిచాను. మళ్లీ అరిచాను. ముళ్లు గీరుకుంటున్నాయి. "బావా, ఆయాసమొచ్చిందేటి? కదలకు, పంపు నా దగ్గరుంది!" అంటూ ఇన్‌హేలర్ చేతిలో పట్టుకుని పొదలోకి దూరాను.

ఎదురుగా నల్లగా లేచి నిలబడింది. రొమ్ము మీద నామం పెట్టినట్టు తెల్లటి గుర్తు. మూతికి రేగుపళ్ల గుజ్జు. దాని గోళ్లు నా వేళ్లకంటే పొడుగు. తడిసిన గొంగళికీ కుళ్లిన పండుకీ మధ్యగా ఏదో వాసన. అది నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. నా చెయ్యి ఇంకా చాపే ఉంది. ఆ తర్వాత అది మీదికి వచ్చింది. భుజం మీది సంచీ చీలిపోయింది, నేను వెల్లకిలా పడ్డాను, ఎడమ మోచేయి రాతికి కొట్టుకుంది. లోపల ఏదో చిట్లిన చప్పుడు వినబడింది. మా దారి మనిషి గొడ్డలితో చెట్టు మొదలు బాదుతూ పెడబొబ్బలు పెట్టాడు. నల్లటిది నన్ను దాటి వాలులోకి దొర్లినట్టు పోయింది.

లేపి కూర్చోబెట్టి, తన తువ్వాలు చీల్చి నా చెయ్యి కట్టాడు. కడుతూ తిట్టాడు. "బావని బావా అని పిలుత్తావేటి! మతి పోయిందా?"

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. ఆ ఊరివాళ్లు అడవిలో ఉండగా ఎలుగు పేరెత్తరు. పేరెత్తితే పిలిచినట్టేనట, వచ్చేస్తుందట. అందుకని బావ అంటారు. "తాతంటే పెద్దరికం సూపిత్తాడు. తమ్ముడంటే సనువు తీసుకుంటాడు. బావంటే సరసం. నవ్వుకుని తన దారిన పోతాడు" అన్నాడు. ఇక్కడ పుట్టి పెరిగినవాణ్ని గనక నాకు తెలుసనుకున్నాడు. కొట్లో అమ్మేవాడికి అడవి మాట ఎవరు చెబుతారు?

"మరి మా బావేడి?" అన్నాను. ఆ పొదల మీదికి ఒరిగినట్టు పైన పెద్ద బండ ఉంది. దాని మీద కర్రల మొనలు గుచ్చిన గుర్తులున్నాయి. మనిషి లేడు. ఇద్దరం పిలిచాం. ఈల వినబడలేదు. బండకి అవతల నుంచి ఇంకో బాట కిందికి పోతుంది.

చెయ్యి గుండెకి అదుముకుని దిగాను. అడుగడుక్కీ బావ ఏ లోయలో పడ్డాడో అని చూసుకుంటూ దిగాను. కింద జీపు లేదు. రోడ్డు వెంట నడిచి నడిచి కూడలికి వస్తే అక్కడ జీపుంది, టీ బడ్డీ ముందు బల్ల మీద బావ ఉన్నాడు. మిరపకాయ బజ్జీ తింటున్నాడు.

"ఏటిరా, ఇంతాలస్యం? మీరు దిగిపోయారనుకున్నాను" అన్నాడు.

ఆయన వచ్చేసరికి జీపు ఆపిన చోటే ఉండగా మేం ఎందులో దిగిపోతాం? నేను నోరు తెరిచేలోపు మా దారి మనిషి బల్ల మీద కూలబడి, జరిగింది చెప్పేశాడు. "బావున్నాడంటే మీ బావమరిది బావా బావా అని పొదలోకి పోనాడు బాబూ!" టీ కాసేవాడు నవ్వాడు. బావ నవ్వాడు. ముందు నవ్వి, ఆ తర్వాత నా చెయ్యి చూశాడు. ఆ వరస నాకు బాగా గుర్తుంది.

చెయ్యి కట్టు విప్పేలోపు కథ అనకాపల్లి దాకా పాకింది. నేను ఎలుగు బావమరిదిని అయిపోయాను. సంతలో మా దారి మనిషి కూడా "మీ బావ కులాసాయా?" అంటాడు. అతని మీద నాకు కోపం లేదు, అతను నా ప్రాణం కాపాడాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. బావ నిజంగానే నా అరుపు విని ఉండడని కూడా నమ్మాను. మంచులో మాట ఎటు పోతుందో ఎవరు చూశారు?

అలాగే నమ్ముతూ ఉండేవాణ్ని. కానీ మా పిన్ని కొడుకు గృహప్రవేశంలో, భోజనాలయ్యాక, బావ అందరి మధ్యా నా వేషం వేశాడు. చెయ్యి ముందుకు చాపి, గొంతు వణికిస్తూ, "బావా, ఆయాసమొచ్చిందేటి? కదలకు, పంపు నా దగ్గరుంది!" అన్నాడు. ఇల్లంతా గొల్లుమంది. పిన్ని కళ్లు తుడుచుకుంది.

నేను నవ్వలేదు. ఎందుకంటే పంపు మాట నేను ఎవరికీ చెప్పలేదు. అక్కకీ చెప్పలేదు, నా భార్యకీ చెప్పలేదు. ఎలుగుబంటికి మందు పట్టబోయానని ఏ ముఖంతో చెప్పను? మా దారి మనిషి చెప్పాడేమోనని మరుసటి సంతలో అతన్ని అడిగాను.

"పంపేటి సావుకారూ? బోరు పంపా?" అన్నాడు. "నువ్వు బావా అనడం ఇన్నాను. మిగతాది గావుకేకలు."

అంటే ఆ మాట విన్నవాడు ఇంకొకడున్నాడు. పొద పైన బండ మీద ఉన్నవాడు. మాట మాటా విన్నాడు, అచ్చం నా గొంతుతో పలకగలిగేంత బాగా విన్నాడు.

భయపడ్డాడంటే నేను తప్పు పట్టను. నేనూ భయపడ్డాను, పంచె తడవకపోవడం నా అదృష్టం. దిగి వచ్చి దాంతో కుస్తీ పట్టమనలేదు. "నేనిక్కడున్నాన్రా" అని ఒక్క మాట అంటే చాలు, నేను ఆ ముళ్లలోకి దూరేవాణ్ని కాదు. ఈ సంగతి అక్కతో అంటే లేచి నాకు అన్నం వడ్డించింది. తర్వాత "వదిలెయ్ తమ్ముడూ, ఆయన అంతే" అంది. నేను వదలను. చలికాలంలో మోచేయి సలుపుతుంది, దాన్నీ వదిలెయ్యమంటే వదిలేస్తుందా?

బావా, ఇది నీకే. నువ్వు బండ మీద ఉన్నావు. కింద ఏముందో నీకు కనబడింది. నేను వెతుకుతున్నది నిన్నేనని నా మాటల్లోనే నీకు తెలిసింది. తెలిసి ఎందుకు పలకలేదు? ఇంకొకరి చేత కబురు పెట్టకు, మాట మార్చకు. అక్కని పక్కన కూర్చోబెట్టుకుని, నా ముఖం చూసి చెప్పు.