ఆది జాకెట్టు తీసుకోని టైలరమ్మ

సోమవారం పొద్దున మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "టైలరమ్మ నిన్న మధ్యాహ్నం పోయారు. బట్టలిచ్చినవాళ్ళు పదిరోజుల తర్వాత వచ్చి తీసుకోవాలని వాళ్ళ కోడలు చెప్పమంది." భోజనం చేసి మిషన్ ముందు కూర్చున్నారట, గుండె ఆగిపోయిందట. ఆ మెసేజ్ చూసేటప్పటికి నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. కెమెరా ఆపేసి ఏడ్చాను. ఎవరో ఏదో అడిగితే నెట్ సరిగా లేదని అబద్ధం చెప్పాను.

గోపన్‌పల్లిలో చికెన్ సెంటరుకీ జిరాక్స్ షాపుకీ మధ్య ఒక్క గది, అదే ఆవిడ దుకాణం. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. మేముంటున్న బిల్డింగులు కట్టేటప్పుడు వాళ్ళాయన ఇక్కడ మేస్త్రీగా పనిచేశాడు. మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళూ, మా ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చుని వంతు కోసం ఎదురుచూసేది అక్కడే.

ఆవిడకో పట్టుదల ఉండేది. ఆది జాకెట్టు ముట్టేవారు కాదు. మిగతా టైలర్లంతా సరిపోయే పాత జాకెట్టొకటి ఇచ్చి వెళ్ళమంటారు. ఈవిడకు మాత్రం మనిషి రావలసిందే. "జాకెట్టు ఎట్ల కుడితె అట్లనే ఉంటది బిడ్డా. పెయ్యి ఉంటదా?" అనేవారు. పెయ్యంటే ఒళ్ళు. తీరిక లేక నేను వాచ్‌మన్ చేత ఆది జాకెట్టు పంపితే అదే కవర్లో తిరిగొచ్చేది. నాకు చిర్రెత్తుకొచ్చేది.

కొలతలు కూడా ఊరికే తెమిలేవి కావు. పరదా వేసి, చేతులెత్తమని, గుండె మధ్య నుంచి చంక దాకా ఎడమకు వేరే, కుడికి వేరే కొలిచి, ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకునేవారు. రెండూ కాస్త తేడాగా వస్తే మొదట్లో నేను సిగ్గుపడ్డాను. "ఇద్దరు అక్కచెల్లెండ్లు ఒక్క తీరుగ ఉంటరా? ఎప్పటి తేడా ఎప్పట్లెక్కనే ఉంటె ఫికర్ లేదు. కొత్త తేడా వస్తేనే పరేషాన్" అన్నారు. సుద్దముక్కతో గుడ్డ మీద గీత గీస్తే అది ఛాతీ దగ్గర ఆగేది కాదు, చంక కిందికి తోకలా సాగేది. రొమ్ము చంక దాకా పోతుందని, అక్కడ బట్ట చాలకపోతే జాకెట్టు కోస్తుందని చెప్పేవారు. నేను వింటూ ఫోన్లో మెయిల్స్ చూసుకునేదాన్ని.

నాలుగేళ్ళ కింద మా తోడికోడలి గృహప్రవేశానికి జాకెట్టు కావలసివచ్చింది. పని ఒత్తిడిలో ఉన్నాను. ఈ ఒక్కసారికి పుస్తకంలో ఉన్న కొలతలతో కానివ్వండని ఫోన్లో బతిమాలితే, గొణుక్కుంటూ ఒప్పుకున్నారు. తీరా వేసుకుంటే ఎడమ చంక దగ్గర పట్టేసింది. వెళ్ళి గొడవపెట్టుకున్నాను. ఆఫీసులో నాది టెస్టింగ్. ఎదుటివాళ్ళ తప్పులు పట్టడమే ఉద్యోగం, ఇక చెప్పాలా!

ఆవిడ మళ్ళీ కొలిచారు. కుడివైపు పాత కొలతే. ఎడమవైపు అర అంగుళం పెరిగింది. చేతులెత్తమన్నారు. అద్దం వైపు తిప్పారు. చంకకు దగ్గరగా చర్మం చిన్న గుంటలా లోపలికి లాగుతోంది.

"నొప్పేమీ లేదండీ. కుట్లు కాస్త వదులు చేస్తే చాలు."

"కుట్లు ఇప్ప."

"అదేంటండీ, ఎల్లుండే ఫంక్షను."

"ఫంక్షనుకు వేరేది తొడుక్కో. నొప్పి లేదంటె రోగం లేదని కాదు బిడ్డా. దవాఖానకు పొయ్యి చీటీ తీస్కరా. అప్పుడే ఇప్పుత."

జాకెట్టు లాక్కుని మిషన్ సొరుగులో వేసి తాళం పెట్టేశారు. ఇంత మొండితనం ఎక్కడా చూడలేదని తిట్టుకుంటూ, ఆ తాళం తీయించడానికే వెళ్ళాను డాక్టరు దగ్గరికి. నిజం అదే. ప్రాణభయంతో కాదు, పట్టుజాకెట్టు కోసం.

డాక్టరు నన్ను పడుకోబెట్టి, చెయ్యి తల కింద పెట్టించి, మూడు వేళ్ళ మెత్తటి భాగంతో గుండ్రంగా నొక్కుతూ చంక దాకా చూసింది. తర్వాత కాగితం మీద బొమ్మ వేసింది. పాల గ్రంథులు, వాటి నుంచి చనుమొనకు వచ్చే సన్నటి నాళాలు, చుట్టూ కొవ్వు, చంకలోకి సాగిన తోక. మా టైలరమ్మ గీసే గీతే అది! నా గడ్డ ఆ తోకలోనే ఉంది.

ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉందా అని అడిగితే, అమ్మవైపు ఎవరికీ లేదని ధీమాగా చెప్పాను. నాన్నవైపు కూడా లెక్కలోకే వస్తుందంది. నలభై ఐదేళ్ళకే పోయిన మా మేనత్త గుర్తొచ్చింది. ఛాతీలో పుండని మాత్రమే మా ఇంట్లో అనేవారు, అంతకుమించి ఎవరూ పలకలేదు. మొదటి కాన్పు ముప్పై ఆరులో కావడం, రోజంతా కుర్చీలో కూర్చోవడం కూడా రాసుకుంది. ఇవన్నీ ప్రమాదాన్ని పెంచేవే గాని, ఏవీ లేనివాళ్ళకూ రావచ్చు, అందుకే ఎవరైనా చూపించుకోవాలంది. తొందరగా వచ్చానని మెచ్చుకుంది. ఆ మెప్పు నాది కాదని చెప్పలేకపోయాను.

పరీక్షల్లో క్యాన్సరేనని తేలింది. ఆపరేషన్ చేసి గడ్డతోపాటు చుట్టూ కొంత తీసేశారు. రేడియేషన్ అయ్యాక చీరా పళ్ళూ పట్టుకుని టైలరమ్మ దగ్గరికి వెళ్ళాను. చీర ముట్టలేదు. పండొకటి తీసుకుని, "నేనేం చేసిన? కుట్టు ఇప్పలే, గంతే" అన్నారు. ఎందుకు విప్పలేదని అడిగాను.

"మా అక్క జాకెట్టు బిగుతయిందంటె రెండుసార్లు ఇప్పి వదులు చేసిచ్చిన బిడ్డా. లోపల ఏమున్నదో అది చెప్పలే, నేను అడగలే. సిగ్గు. మూడోసారి కుట్టనీకె అక్క లేదు."

ఆ తర్వాతే పరదా వెనక నేనూ నోరు విప్పడం నేర్చుకున్నాను. బెంచీ మీద కూర్చున్న ప్రతి ఆడదాన్నీ ఆవిడ గట్టిగానే అడిగేవారు. "నెలకోపారి చూస్కుంటున్నవా? నెలసరి తగ్గినంక, అద్దం ముంగట. గడ్డ, గుంట, మొన లోపలికి పోవుడు, నీరు కారుడు, ఏది కొత్తగ కనవడ్డా కుట్టు కాడికి రాకు, దవాఖానకు పో." మొదట అందరూ నవ్వేవారు. తర్వాత ఒక్కొక్కరే పరదా వెనక్కి వెళ్ళి మెల్లగా ఏదో అడిగేవారు. వాళ్ళలో ఎంతమంది నాలాగా బతికారో నాకు తెలియదు. నేనైతే బతికాను. మా అమ్మాయికి ఇప్పుడు పదకొండేళ్ళు, ఇంకా నా జడే పట్టుకుని లాగుతోంది.

పదిరోజులు గడిచాక నిన్న దుకాణానికి వెళ్ళాను. కోడలు మిషన్ ముందుంది. బెంచీ మీద కట్టలు పేరుకుపోయాయి.

"ఆది జాకెట్టు తెచ్చినవా అక్కా?"

"తేలేదమ్మా. కొలుచుకో."

"నీ కొలతలు అత్తమ్మ బుక్కుల ఉన్నయి గదా? జర పని మస్తుగున్నది."

"ఉండనీ. మళ్ళీ తియ్యి. రెండువైపులా."

ఆ పిల్ల కుడుతున్న గుడ్డ పక్కన పెట్టింది. లేచి, మేకుకు వేలాడుతున్న టేపు తీసింది. అత్తగారి బొటనవేలు ఆనినచోట అంకెలు అరిగిపోయి ఉన్నాయి. పరదా వేసింది. నేను చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాను.