బీరయ్యను ఒడ్డున ఆపింది నేనే

తొమ్మిదేళ్లుగా దీన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం తింటున్నాను. ఆదివారం ఆరాధనకు పోతున్నాను. చేతులెత్తి "దేవునికి మహిమ" అంటున్నాను. పైకి ఏ లోటూ కనిపించదు. కానీ ఎవరైనా నన్ను రెండు క్షణాలు ఎక్కువ చూస్తే చాలు, వీడికి తెలిసిపోయిందేమో అనుకుంటాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నిజానికి మీ మీద కూడా నాకు అనుమానమే. ఇది చదివి ఊరు ఆనవాలు పడతారేమోనని ఊరి పేరు రాయడం లేదు. నకిరేకల్ నుంచి బస్సులో గంట దూరం. అంతవరకు చాలు.

ఈ గుణం నాకు పుట్టుకతో వచ్చింది. పాలు తెస్తే నీళ్లు కలిపారా అని వేలు ముంచి చూస్తాను. చుట్టం వస్తే ఏ పని మీద వచ్చాడా అని కూపీ తీస్తాను. యేసును నమ్ముకున్నాక ఇది పోతుందనుకున్నాను. పోలేదు, దానికి మంచి పేరు వచ్చింది, అంతే. మెలకువ గల విశ్వాసి అన్నారు. మా కురుమ ఇండ్లలో మొదట బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి కాబట్టి సంఘపెద్దను చేశారు.

పాస్టరుగారు ఆదివారం ఆదివారం బండి మీద వచ్చి పోయేవారు. మిగతా ఆరు రోజులు ఎవరు ఎలా నడుస్తున్నారో ఆయనకేం తెలుస్తుంది? నన్నే అడిగేవారు. ఎవరికైనా బాప్తిస్మం ఇవ్వాలంటే వాళ్లు పాత మొక్కులు విడిచారో లేదో నేను మాట చెప్పాలి. గొర్లు కాచే మా ఇండ్లలో పాత మొక్కంటే మల్లన్న పొట్టేలు. మందలో మంచిదాన్ని దేవుడి పేరున విడిచి, నొసట బండారి, అంటే పసుపు, పెట్టి జాతర దాకా సాకుతారు. ఆ పొట్టేలు మందలో ఉన్నంతకాలం ఆ మనిషి రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడేనని మా లెక్క.

బీరయ్య నాకు వరసకు తమ్ముడు. తెలంగాణ వచ్చిన మరుసటేడు ఒక ఆదివారం తనంతట తానే వచ్చి వెనక చాప మీద కూర్చున్నాడు. ఎందుకు వచ్చినట్టు? జబ్బు లేదు, ఆపద లేదు. అడిగితే, "తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కాపరి దేవులాడుకుంట పోయిండని నువ్వే జెప్తివి గదన్నా. గా పని ఎంత కష్టమో నాకెరికే. గందుకే వచ్చిన" అన్నాడు. ఇంత చిన్న మాటకు ఎవడైనా దేవుణ్ణి మార్చుకుంటాడా అని నేను నమ్మలేదు. ఆ వాక్యం చెప్పింది నేనే. నేను చెప్పిన మాట మీద నాకే నమ్మకం లేదన్నమాట!

ఏడాది తిరిగేసరికి చదువు రాని ఆ మనిషి ప్రార్థన చేస్తే ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకునేవారు. ఎవరి పిల్లకు జ్వరం వచ్చినా ముందు అతన్నే పిలిచేవారు. నన్ను తర్వాత పిలిచేవారు, ఒక్కోసారి పిలిచేవారే కాదు. నాకు కడుపు మండింది. ఇప్పుడు కడుపు మంట అని రాస్తున్నాను. అప్పుడు దానికి వివేచన అని పేరు పెట్టుకున్నాను.

మా దగ్గర బాప్తిస్మాలు కాలువలోనే జరుగుతాయి. తిరుమలగిరి దిక్కు నుంచి వచ్చే ఆ కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లోనే పెట్టుకోవాలి. బంద్ చేస్తే మళ్లీ ఎన్నాళ్లకో. ఆ ఏడు యాసంగి చివరి తడికి నీళ్లు వదిలినప్పుడు ఏడుగురి పేర్లు చదివారు. ఏడో పేరు బీరయ్యది. ఆ వారం దాటితే అతను మందను తోలుకుని మిర్యాలగూడ వైపు కోసిన పొలాలకు మేతకు పోతాడు.

శుక్రవారం పొద్దున నేను అతని మంద దిక్కు పోయాను. ఊరికే పోతున్నానని ఇంట్లో చెప్పాను. ఊరికే కాదు, వెతకడానికే పోయాను. పెద్ద పొట్టేలు నొసట, కొమ్ముల నడుమ, పచ్చగా పసుపు కనిపించింది. నాకు బాధ కలగలేదు. దొరికాడు అనుకున్నాను. దగ్గరికి పోలేదు, చెయ్యి పెట్టి చూడలేదు, బీరయ్యను పిలిచి అడగలేదు. గొర్ల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, పసుపు ఇంకా దేనికి పెడతారో నాకు తెలియదా? తెలుసు. ఆ తెలివి ఆ పూట నాకు అక్కరలేకపోయింది. దారిలోనే పాస్టరుగారికి ఫోన్ చేసి, బీరయ్య మల్లన్న పొట్టేలును విడవలేదని చెప్పాను.

శనివారం సాయంత్రం బీరయ్య భార్య యాదమ్మ గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"బావా, జర యాపనూనె ఉంటె ఇయ్యి. పెద్ద పొట్టేలు ఇంకోదానితోని పొడుసుకోని నెత్తి పగలగొట్టుకున్నది. పసుపు వెట్టినం గని పురుగు వడ్డది."

నూనె ఇచ్చాను. గిన్నె నిండా ఇచ్చాను. ఆమె "సల్లగుండు బావా" అని పోయింది.

ఇదీ నా తప్పు. శుక్రవారం చేసింది పొరపాటని ఎవరైనా అనవచ్చు. శనివారం చేసింది పొరపాటు కాదు. ఫోన్ జేబులోనే ఉంది. "అయ్యగారూ, నేను తప్పుగా చూశాను, అది పుండు మీది పసుపు" అంటే అయిపోయేది. ఎందుకు అనలేదు? పాస్టరుగారి ముందు పలచనైపోతానని భయపడ్డానా? అది సగమే. నూనె ఇస్తున్నప్పుడు కూడా, ఈమె నిజంగానే నూనెకు వచ్చిందా, లేక సంగతి తెలిసి కథ అల్లుకుని వచ్చిందా అని నా మనసు వెతికింది. పొట్టేలు ఉన్న చోటికి అయిదు నిమిషాల నడక. పోయి చూస్తే నిజం తెలిసిపోతుందని పోలేదు.

ఆదివారం కాలువ ఒడ్డున పాస్టరుగారు, "బీరయ్యా, నువ్వు ఈసారి ఆగు. పెద్దలు ఒక మాట చెప్పారు" అన్నారు. అతను ఉతికిన తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు. ఆరుగురు దిగి, మునిగి, లేచారు. ఒక్కొక్కరు లేచినప్పుడల్లా అందరికంటే గట్టిగా "హల్లెలూయ" అన్నది అతనే. అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఎవలో నా మీద జెప్పిండ్రట. నీకేమన్న ఎరికనా?"

"నాకేం ఎరిక రా?"

"పోనీ తియ్యన్నా. నీళ్లల్ల దిగకుంటె మాత్రం, యేసయ్య నా కోసం పాణం ఇయ్యలేదా ఏంది? దేవునికే మహిమ."

నవ్వాడు. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ విడవదు. తెలిసి నవ్వాడా? తెలియక నవ్వాడా? తెలిసీ క్షమించి నవ్వాడా? అలాంటి మనుషులు ఉంటారా అసలు?

మంగళవారం మందను తోలుకుని పోయాడు. మూడు వారాలకు ఒక మధ్యాహ్నం అకాల వాన పడింది. చెట్టు కిందికి గొర్లను తోలుతుంటే పిడుగు పడి బీరయ్య అక్కడికక్కడే పోయాడు. ట్రాలీలో తెచ్చారు.

ఊరు ఊరంతా, మల్లన్నను విడిచినందుకే ఇట్లయిందని అంది. అది నేను తట్టుకున్నాను. కానీ మా సంఘంలోనే ఒకరు, మల్లన్నను విడవక దేవుణ్ణి మోసం చేసినందుకే ఇట్లయిందన్నారు. ఆ మాట నేను పుట్టించిందే. నా నోటి నుంచి పాస్టరుగారి చెవికి, అక్కడి నుంచి పది చెవులకు పాకి, మళ్లీ నా దగ్గరికే వచ్చింది. నేను తల ఊపాను. అవును, ఊపాను.

ఊరవతల మా సంఘానికి సమాధుల జాగా ఉంది. బాప్తిస్మం లేనివాళ్లను అక్కడ పెట్టకూడదని మేమే నియమం పెట్టుకున్నాం. యాదమ్మ వచ్చి, తన పెనిమిటి పొద్దున లేస్తే మీ దేవుణ్ణే తలుచుకునేవాడని, జర ప్రార్థన చేసి మీ జాగాలో పెట్టమని బతిమాలింది. పాస్టరుగారు నా వైపు చూశారు. నేను పెడదామంటే ఆయన కాదనేవారు కాదు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటరు. మీ దాంట్ల గూడ గంతేనా సారూ?" అంది యాదమ్మ. పాస్టరుగారినే అంది. చూపు మాత్రం నా మీద ఆగినట్టు నాకనిపించింది.

పాలోళ్లు, అంటే దాయాదులు, డప్పులతో తీసుకుపోయారు. బతికినప్పుడు విడిచిన బండారిని చచ్చాక అతని నొసట పెట్టారు. నేను దూరం నుంచి చూశాను.

యాదమ్మ మళ్లీ ప్రార్థనకు రాలేదు. దారిలో కనిపిస్తే "బాగున్నవా బావా" అంటుంది. ఆ రెండు మాటలను ఇంటికి తెచ్చుకుని తిరగేసి మరగేసి చూస్తాను, అందులో ఎక్కడైనా ముల్లు ఉందా అని. ఆమెకు చెప్పలేదు. ఎన్నోసార్లు వాకిలి దాకా పోయి తిరిగి వచ్చాను. పిరికివాణ్ణి. ఇప్పటికీ సంఘపెద్దనే. రక్షణ ఉచితమనీ, మనిషి సంపాదించుకునేది కాదనీ, తండ్రి జగత్తు పుట్టకముందే ఆ ఏర్పాటు చేశాడనీ ఇప్పటికీ నేనే బోధిస్తున్నాను. ఉచితంగా ఇచ్చేదానికి ఇంత కాపలా ఎందుకు పెట్టావురా అని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనే అడుగుతున్నాను.

క్షమాపణ దొరికిందా అంటే తెలియదు. ఇది రాయడం కూడా మీ ముందు మంచివాడిననిపించుకోవడానికేనేమో అని నా మీద నాకే అనుమానంగా ఉంది. అయినా రాశాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ పేరు, నేను చేసిన పని ఒకే వాక్యంలో రాశాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.

ఆ మధ్యాహ్నం పిడుగు పడ్డ చోట బీరయ్యను ఆ కాపరి తన దగ్గరికి పిలుచుకున్నప్పుడు పాస్టరుగారిని అడగలేదు. నన్నూ అడగలేదు. అందుకు ఆయనకు మహిమ. ఈ ఒక్క మాట మీద నాకు అనుమానం లేదు.