డ్రోన్ చూసిన గట్టు

డ్రోన్ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా బోధపడలేదు. మొదటిసారి దాన్ని మా ఆడబిడ్డ కూతురి పెళ్లిలో చూశాను. నాలుగు రెక్కలు తిప్పుకుంటూ పందిట్లోకి దిగి, పళ్లెంలో అక్షింతలన్నీ మా ముఖాన కొట్టి, వీడియో తీసుకుని పోయింది. తర్వాత ఎన్నికలప్పుడు పోలీసులు మా వీధుల మీద ఎగరేశారు. పేకాడుతున్న మగవాళ్లు ముక్కలు పారేసి గడ్డివాముల చాటుకు పరిగెత్తారు, మా ఆయన అందరికంటే ముందు. ఆ పైన మిరపకు మందు కొట్టే డ్రోన్ వచ్చింది. పొట్ట కింద ట్యాంకు కట్టుకుని, మనిషి పూటంతా కొట్టే చేనును టీ తాగి వచ్చేలోపు తడిపేస్తుంది. ఒక్క పేరుతో ఇన్ని పనులు చేస్తే ఏం అర్థమవుతుంది? పైన చప్పుడు వినిపిస్తే చాలు, జుట్టు సర్దుకోవాలో, ఇంట్లోకి ఉరకాలో, నీళ్లబిందె మీద మూత పెట్టాలో తెలియదు నాకు.

అందుకే ఊరి భూములన్నీ డ్రోన్‌తో కొలుస్తామని సర్వేయరు వచ్చినప్పుడు, "మందు కూడా కొడుతుందా?" అని అడిగాను.

అతను నవ్వాడు. "మందు కొట్టదమ్మా, ఫోటోలు తీస్తది. గట్టుకు రెండు పక్కలవాళ్లూ కాదనకపోతే, ఫోటోలో గట్టు ఎక్కడుంటే మ్యాపులో హద్దు అక్కడే."

ఆ మాటకు మా అత్తయ్య ముఖం మాడిపోయింది. నకరికల్లు దగ్గర మాకున్న చేను పక్కదే మా బావగారి చేను. ఆయన మా ఆయనకు వరసకు అన్న. ఏటా దుక్కి దున్నేటప్పుడు గట్టును కాస్త కాస్త మా వైపు జరిపాడని అత్తయ్య ఫిర్యాదు. ఆయనతో మాట మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడున్న గట్టే మ్యాపులోకి ఎక్కితే ఆ ముక్క ఇక ఎప్పటికీ రాదు.

"ఫోటోయే గదా? పాత గట్టు ఉన్నకాడ పోయి నిలబడతా. నన్ను చూసి రాసుకుంటది" అంది.

"అత్తయ్యా, అది మనుషుల్ని చూసి రాసుకోదు."

"నీకేం తెలుసే? పెళ్లిలో నిన్ను తియ్యలా?"

తీసింది. నోట్లో అక్షింతలతో సహా తీసింది.

డ్రోన్ ఎగిరే రోజు ఆమె ఎర్ర పట్టుచీర కట్టుకుని, బావగారి చేలోకి నడిచి, దున్నిన పెళ్లల మధ్య మెడ నిటారుగా పెట్టి నిలబడింది. పైన డ్రోన్ సాలు తోలుతున్నట్టు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగింది. ఎండ మాడుస్తోంది. లాక్కురావాలో, పోయి పక్కన నిలబడాలో తోచక నేను నీళ్లసీసా పట్టుకుని గట్టు మీదే ఉండిపోయాను. బావగారు దారిలో ఆగి చూశాడు. బండి తిప్పుకుని వెళ్లాడు.

కొంతకాలానికి ఫోటోలు చూపిస్తామని గ్రామ సచివాలయానికి పిలిచారు. మా ఆయన మిరపకాయలు తీసుకుని మార్కెట్ యార్డుకు వెళ్లడంతో అత్తయ్యతో నేనే పోయాను. బావగారు మా కంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

కంప్యూటర్‌లో నల్లరేగడి మీద ఇప్పటి గట్టు స్పష్టంగా ఉంది. దానికి అవతల, బావగారి చేలో ఒక ఎర్రచుక్క.

"అది నేనే" అంది అత్తయ్య గర్వంగా.

సర్వేయరు ఫోటో పెద్దది చేశాడు. గట్టుకు ఇవతల ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక లేత చార కనిపించింది.

"ఇదేంది బాబూ?"

"పాత గట్టు చార, పెద్దమ్మా. దున్నేసినా మట్టి తేడా పైనుంచి తెలుస్తది."

"చార ఉన్న పక్క ఎవరిది?" అని అడిగాను.

"మీదేనమ్మా."

నేను తల వంచి చూశాను, పక్కకు తిరిగి చూశాను. ఎటు చూసినా అంతే. పాత గట్టు మా చేలోనే ఉందంటే, గట్టు జరిగింది మా వైపు కాదు, ఆయన వైపు. పోయిందని ఇన్నేళ్లు తిట్టుకున్న ముక్క మాది కాదు. పైగా ఆయనదే కొంత మా దగ్గరుంది. ఇప్పుడు ఆయన అడిగితే ఇచ్చి తీరాలి.

బావగారు ఆ చారను చాలాసేపు చూశాడు. తర్వాత ఎర్రచుక్కను చూశాడు.

"గట్టు ఉన్నకాడే ఉంచండి సార్. మా పిన్నిని ఇంకోసారి ఎండలో నిలబెట్టలేం."

నాకు సంతోషం వేసిందో సిగ్గు వేసిందో చెప్పలేను. ఆయన నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది.

బయటికొచ్చాక అత్తయ్య మెట్ల మీద కూలబడింది. నీళ్లు తాగమన్నా తాగలేదు. ఎవరి మీద కోప్పడాలో తెలియక నేను ఆ డ్రోన్‌నే తిట్టడం మొదలుపెట్టాను.

"దాన్నేం అనబాకే" అంది ఆమె. "నేను నిలబడ్డకాడే గట్టుండేదని నాకు చెప్పింది మీ మామ. పోయేముందు, చెయ్యి పట్టుకొని మరీ చెప్పాడు."