రిబ్కమ్మ భుజానికి సరిపోయిన వానకోటు

రిబ్కమ్మ నా భార్య. ఆమె గురించి రాస్తానంటే మా మనవరాలు లిడియా నవ్వింది. "తాతా, నువ్వు రాస్తే సగం అబద్ధాలే ఉంటయి" అంది. కాదనలేను. మా ముత్తాత నిండు వానాకాలంలో గొంగడి పరిచి దాని మీద కూర్చుని బాసర దగ్గర గోదావరి దాటాడని నేను చెబుతుంటాను. అవతలి ఒడ్డున గొంగడి దులిపితే ఊరందరికీ కూరకు సరిపడా చేపలు రాలాయని కూడా చెబుతాను. కాన్వెంటులో సిస్టర్లు అబద్ధమాడిన వాణ్ణి మోకాళ్ల మీద నిలబెట్టేవారు. అందుకే ఈ వయసులోనూ నా మోకాళ్లు ఇంత గట్టిగా ఉన్నాయి. అయితే రిబ్కమ్మ విషయంలో నాకు కల్పించాల్సిన పని పడలేదు. ఆమె సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పినా నమ్మేవాళ్లు తక్కువ.

ఆమె కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు కార్మికుడి కూతురు. కరీంనగర్‌లో ఆడపిల్లల హాస్టల్‌కు మేట్రన్‌గా వచ్చి, అక్కడే పనిచేసి, అక్కడే రిటైరయింది. పిల్లలకు పేలు చూడడం, జ్వరమొస్తే తడిగుడ్డ వేయడం, సెలవులకు పోయేటప్పుడు వాళ్ల ట్రంకు పెట్టెలు బస్సు మీదికి అందించడం, అన్నీ ఆమె పనులే. ఊళ్లు తిరగలేదా అంటే తిరిగింది. పరీక్షలకు పిల్లల్ని తీసుకుని ఆదిలాబాద్ పోయింది. ఆపరేషన్లకు మా చుట్టాల్ని తీసుకుని హైదరాబాద్ పోయింది. తన కోసం తాను ఎక్కిన బస్సు ఒక్కటీ లేదు.

రెండేళ్ల కిందట చర్చి మెట్ల మీద వాన నీళ్లకు జారి పడింది. ఎడమ వైపు మెడ కింది ఎముక విరిగింది. మా సంఘంలో స్త్రీల సమాజానికి ఆమే అధ్యక్షురాలు. ఆ సమాజం ఆడవాళ్లు వంతులు వేసుకుని మా ఇంటికి అన్నం తెచ్చారు, బట్టలుతికారు. పక్కింటి క్యాథరిన్ అయితే ప్రతి ఉదయం వచ్చి ఆమె తల దువ్వి జడేసి పోయేది. నేను దువ్వుతానన్నాను. నా చేతికి దువ్వెనిస్తే తనకు జుట్టు మిగలదని రిబ్కమ్మ ఒప్పుకోలేదు.

ఎముక అతుక్కుంది. ఈ వేసవిలో లిడియా ఒక కబురు తెచ్చింది. లిడియా ఒక ల్యాబులో పని చేస్తుంది. ఆదివారం పొద్దున్నే ఓంప్రకాశ్ అనే బ్యాంకు ఉద్యోగి వెంట ఒక గుంపు మానేరు డ్యామ్ కట్ట మీద నడుస్తుంది. అందులో మా పిల్ల ఒకతె. ఆగస్టులో ఆ గుంపు ఉత్తరాఖండ్‌లో కొండల నడుమ ఉన్న పూల లోయకు నడిచి వెళ్తోందట. ఎవరి సంచి వాళ్లే వీపున మోసుకోవాలట. మేము వింటున్నాం. రిబ్కమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ, తలెత్తకుండా, "నేనొస్త" అంది.

నేను పరాచికమనుకున్నాను. కాదు. ఆ మర్నాడే పోయి ఎముకల డాక్టరును అడిగి వచ్చింది. సంచి తేలికగా ఉంటే పోవచ్చన్నాడు. ఓంప్రకాశ్ కూడా సరేనన్నాడు గాని, ఒక షరతు పెట్టాడు.

"అమ్మా, గాడ రోజూ వాన పడతది. గాలికి గొడుగు తిరగబడతది. ప్లాస్టిక్ కవరు కప్పుకుంటె చినిగిపోతది. అసలైన వానకోటు ఉండాలె, గది మీ సంచిలనే ఉండాలె. లేకుంటె నేను తీస్కపోను."

అట్లా ఇంట్లో కోటు ముచ్చట మొదలైంది. అంగడిలో దాన్ని జాకెట్ అంటారు. మా వైపు జాకెట్ అంటే చీరకు జతగా కుట్టించుకునేది గనుక నేను కోటు అనే అంటాను. చూసుకోమని ఓంప్రకాశ్ తన దగ్గరున్న రెండు కోట్లు ఇచ్చిపోయాడు. ఏది నచ్చితే అది రిబ్కమ్మ కొలతకు తెప్పిస్తానన్నాడు. ఒకటి చిలకాకుపచ్చది. మడిచి దాని జేబులోనే దాన్ని కుక్కితే జామకాయంత అవుతుంది. అరచేతిలో పెడితే ఉందో లేదో తెలియదు. రెండోది నీలం. దాని గుడ్డ మూడు పొరలు, చంకల కింద గాలి ఆడడానికి జిప్పులు, టోపీ అంచుకు ముఖం మీద నీళ్లు పడకుండా చిన్న చూరు. అది కొంచెం బరువు. మరీ ఎక్కువేమీ కాదు, పెద్ద మామిడికాయంత.

రిబ్కమ్మ ఆకుపచ్చది పట్టుకుని వదల్లేదు. "తేలికది. చాలు" అంది.

ఇదంతా ఇంటి గడప దాటి బయటికి పోకూడదని మాకు ఆజ్ఞ. సమాజం ఆడవాళ్లకు తెలియకూడదట. ఎందుకో చెప్పలేదు. హాస్టల్ మేట్రన్లు కారణాలు చెప్పరు.

ఒక గురువారం సమాజం ప్రార్థన కూడిక నుంచి తెల్లచీరతో వచ్చింది. చీర మార్చుకోకుండానే వెనక వాకిట్లో స్టూలు వేసి, బకెట్ నిండా నీళ్లు పట్టింది.

"లిడియా తాతా, ఇట్ల రా. గీ కోటు తొడుక్కోని కూసో. నీళ్లు వోస్త."

"కొండెక్కేది నువ్వా, నేనా?"

"నేను తొడుక్కుంటె నీళ్లెవరు పోస్తరు? నువ్వు పోస్తె సగం నేల మీద, సగం ముచ్చట్ల పోతయి. కూసో."

కూర్చున్నాను. మగ్గు మీద మగ్గు పోసింది. మూడో మగ్గు నా మొహం మీద పడేసరికి ఊపిరాడక రెండు చేతులూ ఆకాశానికెత్తి "ప్రభువా!" అని కేక పెట్టాను. ఆకుపచ్చ కోటులోకి చుక్క నీరు రాలేదు. అయితే లోపల నాకు చెమట పట్టి చొక్కా పిండుకునేలా తడిసింది. నీలం కోటులో రెండు విధాలా పొడిగానే ఉన్నాను. ఆ మాట చెప్పాను. ఆమె విననట్టే స్టూలు లోపల పెట్టింది.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. మా సంఘంలో పసిబిడ్డ నుదుట నీళ్లు చిలకరిస్తే బాప్తిస్మం అయిపోయినట్టే. వెనక వీధి సంఘంవాళ్లు తెల్లబట్టలు కట్టుకుని పెద్దవాళ్లను నీళ్లలో నిండా ముంచుతారు. మా నుంచి అటు పోయినవాళ్లున్నారు. పోయిన ప్రతిసారీ మా పాస్టరు దేవదాస్ అయ్యగారు వారం రోజులు సరిగా అన్నం తినరు. ఆ రోజు పక్కింటి డాబా మీద బట్టలు తీస్తున్న క్యాథరిన్ కంటికి కనబడిందేమిటంటే, తెల్లచీర కట్టుకున్న రిబ్కమ్మ, తడిసి చేతులెత్తి ప్రభువును పిలుస్తున్న నేను.

సాయంత్రం వాన పట్టింది. లిడియా పని నుంచి వచ్చింది. ఆమె వెనకే అయ్యగారు, ఆయన వెనక క్యాథరిన్ మా గుమ్మంలోకి వచ్చారు. అయ్యగారు టీ తాగారు. కప్పు చాలాసేపు చేతిలోనే పట్టుకున్నారు.

"తిమోతి గారూ, మీ నుదుట మా నాయిననే నీళ్లు వెట్టిండు."

"అవునయ్యా."

"గా నీళ్లు సాల్లేదా?"

సంగతి నాకు అర్థమైంది. పెద్దమనిషి ఎవరైనా వెంటనే నిజం చెప్పేవాడు.

"గవి చిలకరించినవేనయ్యా. ఇయ్యాల బకెట్ నిండ" అన్నాను.

"నేను డాబా మీదికెళ్లి కండ్లార చూసిన అయ్యగారూ!" అంది క్యాథరిన్. "అక్కనే పోసింది. తెల్లచీర కట్టుకోని మరీ పోసింది!"

అయ్యగారు కప్పు కింద పెట్టారు. "ఎట్లనిపించింది?"

"సల్లగ ఉండె. గని లోపలికి ఒక్క సుక్క పోలే."

"లోపలికి పోకుంటె ఏం లాభం తిమోతి గారూ" అన్నారాయన. కళ్లలో నీళ్లు తిరిగాయి.

లిడియా నోట్లో చున్నీ కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. రిబ్కమ్మ మాత్రం ఆ ముసలాయన కన్నీళ్లు చూడలేకపోయింది. లోపలికి పోయి రెండు కోట్లూ తెచ్చి ఆయన ముందు పెట్టి, ఆగస్టు, పూల లోయ, బకెట్, అన్నీ చెప్పేసింది. అయ్యగారు కాసేపు కోట్లు చూశారు, కాసేపు నన్ను చూశారు, ఆ తర్వాత కుర్చీ కదిలిపోయేలా నవ్వారు.

క్యాథరిన్ నవ్వలేదు.

"అక్కా, నాకెన్నడు చెప్తువు? కొండ మీదికెళ్లి ఫోన్ జేస్తువా?"

"ఎట్ల చెప్పాలె క్యాథరిన్?" రిబ్కమ్మ కోటు అంచు మడుస్తూ అంది. "మీ ఇండ్లల్ల పనులిడిసి నాకు బువ్వ తెచ్చిండ్రు. నా బట్టలు పిండిండ్రు. గంత మోయించుకున్నదాన్ని, ఇప్పుడు షికారుకు పోతున్న అని ఏ మొఖం వెట్టుకోని చెప్పాలె? పోను తియ్. కోట్లు రేపు ఇచ్చేస్త."

మా ఇంట్లో ఆమె "పోను" అంటే దాని మీద అప్పీలు లేదు. లిడియా గుమ్మంలో నిలబడిపోయింది.

"నీ తల నేను దువ్విన" అంది క్యాథరిన్. "ఎందుకు దువ్విన? నువ్వు ఇంట్లనే కూసోవాల్నని దువ్విన్నా? చెయ్యి నయమైతె నీ మనసైన కాడికి పోతవని దువ్విన. ఫికర్ జేసుడు బంద్ వెట్టి కోటు తొడుగు. గాడ నేనుండ, తొడిగెటందుకు. నువ్వే తొడుక్కోని చూపెట్టు."

రిబ్కమ్మ ఆకుపచ్చది తీసుకుంది. అది ముందు పూర్తిగా తెరుచుకోదు. బరువు తగ్గించడానికి జిప్పు ఛాతీ దాకానే పెట్టారు. తల మీదుగా వేసుకోవాలి. కుడి చెయ్యి దూర్చింది. తల దూర్చింది. ఎడమ చెయ్యి చెవి దాకా లేచి ఆగిపోయింది. ఆకుపచ్చ గుడ్డ లోపల ఆమె ముఖం మాకు కనబడలేదు.

"తియ్యండ్రి" అంది లోపలి నుంచి.

నన్ను స్టూలు మీద ఎందుకు కూర్చోబెట్టిందో అప్పుడు తెలిసింది. "కాళ్లకు తుప్పు పడతది, లేచి పై అల్మారల డబ్బా అందుకో" అని రెండేళ్లుగా నా మీద అరుస్తుంటే నన్ను సతాయించడం ఆమెకు సరదా అనుకున్నాను. ఈ ఇంట్లో కథలు అల్లేది నేనొక్కణ్ణే అనుకున్నాను.

క్యాథరిన్ మెల్లగా కోటు పైకి లాగి, చెదిరిన జుట్టు సర్దింది. "ఇంక లేస్తలేదా అక్కా?"

"లేస్తది. చెవు దాక."

"మరి గిది ఎట్ల తీస్కుందామనుకున్నవు?"

"తేలికది గదా. సంచి తేలికగుంటెనే పొమ్మన్నడు డాక్టరు. గా నీలంది తీసుకుంటె సంచి బరువైతది."

లిడియా పోయి వాళ్ల అమ్మమ్మ సర్దుకున్న సంచి తెచ్చింది. అడుగున చెయ్యి పెట్టి గాజు సీసా బయటికి తీసింది. మామిడికాయ పచ్చడి, మూత దాకా.

"అమ్మమ్మా, జామకాయంత కోటు ఏరుకున్నది గీ సీసా మోసెటందుకా?"

"గాడ ఒట్టి రొట్టెలే పెడతరట బిడ్డా. మీరేం తింటరు?"

"మేం తింటం తియ్. నువ్వు మమ్మల మోసుకోని వస్తవా, పూలు చూస్తవా?"

రిబ్కమ్మ సీసాకేసి చూసింది. దాన్ని తీసి క్యాథరిన్ ఒళ్లో పెట్టింది. "గట్ల గుడ్లప్పగించి చూడకు, తీస్కపో" అంది.

నీలం కోటు ముందంతా తెరుచుకుంటుంది. ముందు ఎడమ చెయ్యి దూర్చింది, చంటిపిల్ల చెయ్యి దూర్చినట్టు, తొందర లేకుండా. వెనక నుంచి గుడ్డ చుట్టి కుడి చెయ్యి దూర్చింది. జిప్పు అడుగున కలవలేదు. మళ్లీ కలవలేదు. లిడియా ముందుకు కదిలితే క్యాథరిన్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. అయ్యగారు మర్యాదగా గోడ వైపు తిరిగారు. జిప్పు కలిసింది. గడ్డం దాకా వచ్చింది. టోపీ కొప్పు మీదుగా వచ్చి కూర్చుంది.

"ఓంప్రకాశ్‌కు చెప్పు లిడియా" అంది రిబ్కమ్మ. "నీలందే తెప్పియ్యమను."

తర్వాత ఎవర్నీ అడక్కుండా తలుపు తీసి వానలోకి దిగింది. క్యాథరిన్ గబగబా మూలనున్న గొడుగు అందుకుంది.

"నాకెందుకే గొడుగు?" అంది రిబ్కమ్మ మెట్ల మీంచి.

"నీకెవరు పట్టిండ్రు? నాకు."

ఇద్దరూ సందు వెంట నడిచారు. ఒకామె గొడుగు కింద, ఒకామె వాన కింద. సందు చివర తిరిగి వస్తారనుకున్నాం. రాలేదు, మలుపు తిరిగారు.

"ఎటు పోతున్నరు వాళ్లు?" అన్నారు అయ్యగారు.

"తెల్వదయ్యా" అన్నాను.