అవ్వ చేతి తీర్పు

బడికి పోని నాకు అక్షరాలు దిద్దిచ్చింది బాపే. ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ రేకు పని మాత్రం నన్ను ముట్టనియ్యకపోయేటోడు.

నందికొండల డ్యాం కడుతున్న రోజులు. అక్కడి షెడ్డుల జీపులకు, లారీలకు బాపు మడ్‌గార్డులు చేసేటోడు. ఇనుప చట్రంల ఒకదాని మీద ఒకటి రెండు చక్రాలు. నడుమ రేకు పెట్టి ముందుకూ వెనక్కూ తోస్తుంటే, ఒత్తిడి పడ్డకాడ సాగి, రేకు మెల్లగ డొప్ప లెక్క వంగుతది. పెద్ద రేకైతే అవతలి కొస ఇంకొకరు పట్టాలె. ఆ పని చేసే చిన్నాయన పెండ్లయినంక కోస్గిల అత్తగారింట్లనే ఉండిపోయిండు. ఆ కొస నేను పడతనని బాపు వెంటపడ్డ.

"నన్ను కన్న మీ అవ్వ చల్లకుండకు మూత కావాలె. నువ్వొకటి చెయ్, నేనొకటి చేస్త. అవ్వకు కండ్లు కనపడయి గద, చేత్తోని తడిమి ఏది ఎవరిదో చెప్పలేకపోతే కొస నీదే" అన్నడు.

జొన్నరొట్టె చేసిన చెయ్యి నాది. అంచుదాక ఒకే తీరుగ ఒత్తుకుంట పోయిన. అంచు సాగి అలలు తిరిగింది.

"గిది మూతనా, మేక చెవా? నడుమ సాగనియ్యాలె బిడ్డా, అంచు జోలికి పోకు" అని నవ్విండు బాపు.

మళ్ల మళ్ల చేసిన. పందెం నాడు దీపం ముట్టిచ్చి, గెలిపియ్యమని అడగనీకె సిగ్గయి, అవ్వకు మంచి బుద్ధి ఇయ్యమని మాత్రం మొక్కిన. ఆ బుద్ధికి జర సాయంగ అవ్వ కాళ్లు ఒత్తుకుంట చెవిల చెప్పిన: "అంచుకు గంటున్నది నాది. అది బాపుదని చెప్పవ్వా." బాపు తక్కువోడా? అప్పటికే అవ్వ ఒడి నిండ వక్కలు పోసిండు.

అవ్వ రెండు మూతలూ నిదానంగ తడిమింది. "ఇది నా కొడుకుది. మేకపిల్ల వీపు లెక్కున్నది. గిది పోరిది. అంచుకాడ ఆగమైంది."

బాపు మీసం దువ్వుకున్నడు. "ఓడింది గదా?"

"ఓడింది. గని కొడుకా, నీ మొదటి మూత ఏ కుండ మీదా నిలవకపోతే అండ్ల కోళ్లకు నీళ్లు వోసిన, యాది మరిచినవా? దీనిది కుండ మీద కూసుంటాంది. నీ తమ్ముడు ఇగ రాడు. రెండో కొస నేను పట్టాల్నా?"

"మరి నా వక్కలో?"

"నమిలిన" అన్నది అవ్వ.

తెల్లారి జీపు మడ్‌గార్డు రేకు చక్రాల నడుమకు ఎక్కిచ్చి, బాపు నా దిక్కు చూడకుంటనే అన్నడు: "గాజులు మీదికి తోసుకో, రేకు గీరుకపోతది."

దేవుని తలుసుకొని, అవతలి కొస పట్టిన.