తాతయ్య గీసిన ఏడు గీతలు

నా చిన్నప్పుడు జమ్మలమడుగులో మా వీధి మొత్తానికి ఇంగ్లీషు మీడియంలో చదివేది నేనొక్కణ్ణే. రోజూ బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి వచ్చేవాణ్ణి. అందుకే నేను తొమ్మిదో తరగతికి వచ్చేసరికి, ఇంగ్లీషులో ఎవరికి ఏ సందేహం వచ్చినా మా ఇంటి పంచలోకి రావడం అలవాటైంది. అర్జీలో ఏ మాట వాడాలి, పెళ్లిపత్రికలో పేరు ఎట్లా రాయాలి అని పెద్దవాళ్లు కూడా అడిగేవారు. ఆ మర్యాద నాకు తలకెక్కింది. తెలియదు అనే మాట నా నోట వచ్చేది కాదు.

పక్కింటి అక్క పదో తరగతిలో ఇంగ్లీషు ఒక్కటే రెండుసార్లు తప్పింది. నర్సు చదువు చదవాలని ఆమె ఆశ. ఈసారి కూడా తప్పితే చదువు చాలించమని కువైట్‌లో ఉన్న వాళ్ల నాయన జాబు రాశాడు. పరీక్ష దగ్గరపడిందని రోజూ సాయంత్రం నోటుపుస్తకం పట్టుకొని మా పంచలో కూర్చునేది. సిన్స్ ఎప్పుడు రాయాలి, ఫర్ ఎప్పుడు రాయాలి, 'ది' ఎక్కడ పెట్టాలి, చూడడానికి సీ అనాలా లుక్ అనాలా, ఇట్లాంటివే అడిగేది. నేను చెప్పింది అక్షరం పోకుండా రాసుకునేది.

"నీ నోట్లోంచి ఇంగ్లీషు వేయించిన శనక్కాయల మాదిరి రాల్తాది కదప్పా," అని నవ్వేది. నేను ఇంకా పొంగిపోయేవాణ్ణి. తెలిసినవి చెప్పాను. తెలియనివి అల్లి చెప్పాను.

మా తాతయ్య నాపరాళ్ల గనిలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. బండను సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, లోపల చీలిక ఉందో లేదో శబ్దాన్ని బట్టి చెప్పేవాడు. అన్ని రోజులూ మంచం మీద పడుకొని మా మాటలు వింటూనే ఉన్నాడు. పరీక్ష ఇంకా రెండు రోజులుండగా, అక్క వెళ్లిపోయాక నన్ను పిలిచి మంచం పక్కనున్న గోడ చూపించాడు. బొగ్గుతో గీసిన ఏడు గీతలున్నాయి.

"తెలిసినదైతే నిమ్మళంగా చెప్తాండావు. తెలీందైతే గొంతు పెంచుతాండావు. ఏడు తూర్లు పెంచినావు రా," అన్నాడు.

మనసులో లెక్క చూసుకున్నాను. సరిగ్గా ఏడే. తాతయ్య కోప్పడలేదు. లోపల చీలిక ఉందని తెలిసి కూడా ఒకరి ఇంటి కప్పుకు ఆ బండను అమ్మినవాణ్ణి తానెక్కడా చూడలేదన్నాడు. పొద్దున్నే పోయి ఆ పిల్లకు చెప్పి రమ్మన్నాడు.

వెళ్లాను. ఆరు చెప్పాను. అక్క ముఖం పాలిపోయింది. ఆరింటినీ కొట్టేసి, సరిచేయించుకోవడానికి ఊరి ఆ చివరనున్న ఇంగ్లీషు అయ్యవారి ఇంటికి పరుగెత్తింది. ఏడోది చెప్పలేకపోయాను. అది మా టీచరమ్మ చెప్పిందని అప్పట్లో వాళ్లమ్మ ముందు, అక్క స్నేహితురాళ్ల ముందు గొప్పగా అన్నాను. ఇప్పుడు తప్పని ఒప్పుకుంటే ఆ అబద్ధం కూడా ఒప్పుకోవాలి.

ఇంటికి రాగానే తాతయ్య, అన్నీ చెప్పినావా అని అడిగాడు. "అన్నీ చెప్పినా తాతా," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

అక్క తప్పింది. రెండు మార్కులు తక్కువ. మరుసటి ఏడు పెళ్లి చేసుకొని పులివెందుల వెళ్లిపోయింది.

పదిహేనేళ్ల తర్వాత పులివెందులలో ఏదో పని పడితే వాళ్లింటికి వెళ్లాను. టీ తాగుతూ ఏడోది తప్పని, అది మా టీచరమ్మ చెప్పింది కాదని చెప్పాను. అక్క కుట్టుమిషను ఆపింది.

"అది వచ్చింది రా పరీక్షలో. నువ్వు చెప్పినట్టే రాసినా," అంది. సూది కింది గుడ్డ తీసి మడుస్తూ, "మీ టీచరమ్మను శానా దినాలు తిట్టుకున్నా. ఆయమ్మేం చేసింది పాపం," అంది.

క్షమించానని ఆమె అనలేదు. అనమని అడిగే ముఖం నాకు లేదు. ఇంకొంచెం టీ పోయనా అని మాత్రం అడిగింది.

చివరికి నేనూ ఇంగ్లీషు అయ్యవారినే అయ్యాను. పిల్లలు అడిగినవాటిలో చాలావాటికి వెంటనే జవాబు తోచేది కాదు. తెలీదప్పా, చూసి రేపు చెప్తా అనేవాణ్ణి. ఈ సారుకు ఏమీ రాదని వెనక బెంచీలో నవ్వుకోవడం వినబడేది. రిటైరయ్యాక కూడా వీధి పిల్లలు సందేహాలతో వస్తూనే ఉన్నారు. తెలీదు అన్న ప్రతిసారీ ఇప్పటికీ లోపల కొంచెం సిగ్గేస్తుంది. ఆ సిగ్గుతోనే అంటాను.