పదో తప్పు

పాయింట్ కుక్‌లో మా అమ్మాయి బేస్‌బాల్ ఆడే మైదానం పక్కన, శనివారం ఉదయాల్లో తల్లిదండ్రులు వంతులవారీగా కాల్చే సాసేజుల వాసన, వాటి పక్కనే నెమ్మదిగా ఎర్రబడే ఉల్లిపాయల వాసన నన్ను ప్రతిసారీ పన్నెండేళ్ళ వయసులోకి నెట్టేస్తాయి. నా చుట్టూ మడత కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఒక కన్ను పిల్లల మీద ఉంచి, ఫోన్‌లో ఏదో పెద్ద ఆట వ్యాఖ్యానం వింటూ, అతిథిగా వచ్చిన వ్యాఖ్యాత చిన్న మాట జారినా మరుక్షణం కింద కామెంట్ పెడుతుంటారు. నేను వాటిని చదువుతాను కానీ రాయను. అది మంచితనం కాదు. ఆ పని ఒకసారి చేసినవాణ్ణి.

నా ఏడో ఏట మేం తెనాలి నుంచి సముద్రం దాటి ఈ దేశానికి, క్రాన్‌బర్న్‌కి వచ్చాం. అప్పట్లో అక్కడ కూరగాయల తోటలు, గుర్రాల కొట్టాలు ఎక్కువ, ఇళ్ళు తక్కువ. మాకు తెలిసి తెలుగు ఇల్లు మాదొక్కటే. సెప్టెంబరులో సైకిలు మీద వెళ్తుంటే గూళ్ళు కాచుకునే మాగ్‌పై పిట్టలు వెనకనుంచి వచ్చి నెత్తిన తన్నేవి, ఇక్కడ వేసవి అయిన డిసెంబరులో ఉత్తరపు గాలి వేడి పొయ్యిలా ముఖాన కొట్టేది, జనవరికల్లా గడ్డి తెల్లగా ఎండిపోయి అరికాళ్ళకు గుచ్చుకునేది. వినాయక చవితికి అమ్మ ఇక్కడి బియ్యాన్నే రవ్వ పట్టి ఉండ్రాళ్ళు చేస్తే చేతిలోకి తీసుకోగానే విడిపోయేవి. దీపావళికి టపాకాయలు ఉండేవి కావు గనక సున్నుండలూ గారెలే పండగ. ఆ రోజుల్లోనే మా వెనక వీధి మైదానంలో బేస్‌బాల్ మొదలయ్యేది.

నాన్న నీటి సరఫరా శాఖలో ఇంజినీరు. తెనాలిలో చెవికి ట్రాన్సిస్టర్ ఆనించుకుని క్రికెట్ వ్యాఖ్యానం వింటూ పెరిగిన మనిషి. ఇంట్లో ఏం జరుగుతున్నా పక్కన నిలబడి వ్యాఖ్యానం చెప్పేవాడు. అమ్మ గారెలు వేస్తుంటే, "మొదటి గారె నూనెలోకి దిగింది, పిండి కాస్త పలచనైనా ధైర్యం సడలలేదు" అనేవాడు. "మీరు పక్కకి జరిగితే రెండోది కూడా దిగుద్ది" అనేది అమ్మ.

మా ఊరి చిన్న రేడియో స్టేషన్ శనివారం ఆటల్ని ప్రసారం చేసేది. ఎప్పుడూ వినే రెండు గొంతుల మధ్య ఒక అతిథి ఉండేవాడు. ఒక వారం మాంసం కొట్టతను, ఒక వారం మా లెక్కల టీచరు. ఆట కళ్ళెదుటే జరుగుతున్నా జనం ఒళ్ళో రేడియోలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు, అతిథి తప్పులు పట్టుకోవడానికి. బారీ అనే రిటైరైన పోస్ట్‌మాన్ ఆ తప్పుల్ని గళ్ళ నోటుబుక్కులో నంబర్లు వేసి రాసుకుని, ఆటయ్యాక కాంటీన్ ముందు చదివేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, అతిథితో సహా. తొమ్మిది దాకా ఫరవాలేదు. పదో తప్పు పడితే ఆ మనిషిని మళ్ళీ మైకు ముందుకు పిలిచేవాళ్ళు కాదు. బారీ పద్ధతిగల మనిషి. అనుమానం ఉన్న తప్పును సాక్ష్యం లేకుండా లెక్కలోకి తీసుకునేవాడు కాదు.

నాన్న మూడు వేసవులు ఆ పిలుపు కోసం ఎదురుచూశాడు. నియమాల పుస్తకంలో పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాడు, స్నానాల గదిలో సాధన చేశాడు. పిలుపు వచ్చిన శనివారం పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే, నేను కిటికీ దగ్గర నిలబడి వాన పడాలని కోరుకున్నాను.

వాన పడలేదు. మొదటి గంటలోనే పిచర్‌ని బౌలర్ అన్నాడు, ఔటైతే వికెట్ పడిందన్నాడు, ఇన్నింగ్స్‌ని ఓవర్ అన్నాడు. బారీ పెన్సిలు ఆగలేదు. మా క్లాసు పిల్లలు నాన్న యాసను అనుకరిస్తుంటే నేను లేచి, కంచె పట్టుకుని, మైదానం ఎడమ చివరకు వెళ్ళి ఒంటరిగా నిలబడ్డాను. అక్కడిదాకా వరసగా రేడియోలు వినబడుతూనే ఉన్నాయి. తర్వాత్తర్వాత నాన్న గొంతు కుదుటపడింది, నవ్వేవాళ్ళు కొందరు నవ్వు మాని వినడం మొదలుపెట్టారు. నేనది గమనించాను. గమనించనట్టే ఉన్నాను.

చివర్లో మావాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు. బంతి నేనున్న మూలకే వచ్చింది. మా ఫీల్డర్ ముందుకు దూకి, గ్లవ్ పైకెత్తి చూపించాడు. బంతి గ్లవ్‌లో పడేముందు గడ్డిని తాకి, చిటికెడు దుమ్ము లేవడం నేను చూశాను. దూరంగా ఉన్న అంపైర్ ఔటిచ్చాడు. ఆ చివరి ఔట్‌తో మేం గెలిచాం. రేడియోలో మాత్రం నాన్న, "అంపైర్ మాట అంపైర్‌ది, కానీ ఆ బంతి ముందు నేలను తాకింది" అన్నాడు. మైదానమంతా ఆయన మీద కేకలు వేసింది.

కాంటీన్ ముందు బారీ తొమ్మిది తప్పులు చదివాడు. నాన్న తొమ్మిదింటికీ నవ్వాడు. తర్వాత బారీ నన్ను పిలిచాడు.

"ఆ మూల ఉన్నది నువ్వొక్కడివే కదా, మేట్. బంతి నేలకు తగిలిందా?"

నాన్న నా వైపు నిశ్చింతగా చూశాడు.

"లేదు," అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "మా నాన్న ఎప్పుడూ ఇంతే, ఉన్నదొకటైతే చెప్పేదొకటి."

అందరూ పగలబడి నవ్వారు. బారీ నవ్వకుండా పదో నంబరు వేసి, "బ్యాడ్ లక్, రావ్" అని నాన్న భుజం తట్టాడు.

దారిలో నాన్న, "ఆకలేస్తోందా నాన్నా?" అని మాత్రం అడిగాడు. ఇంట్లో రేడియో విన్న అమ్మ, "గొంతు భలే ఉందండీ. చివర్లో అందరూ మీ మీద పడ్డారేంటి?" అంది. "ఎండ కళ్ళల్లో పడిందిలే," అన్నాడు. తర్వాతి దీపావళికి అమ్మ మొదటి గారె నూనెలో వేసి, ఒక్క క్షణం ఆగి వెనక్కి చూసింది. నాన్న పేపరు చదువుకుంటున్నాడు.

ఇప్పుడు ఆ మైదానంలో ఇళ్ళు లేచాయి. రేడియో స్టేషన్ మూతపడింది, బారీ పోయాడు. నా మాట సరిదిద్దుకుందామన్నా ఆ రోజు దాన్ని విన్నవాళ్ళు నాకు దొరకరు, ఒక్కరు తప్ప. నాన్న ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు. మొన్నటి వేసవిలో మనవరాలి ఆటకు వచ్చినప్పుడు, పక్కన కూర్చుని ఆయనకు జరిగిందంతా చెప్పాను.

"నేను చూసింది సరిగ్గానే చూశానని నాకు ఆ రోజే తెలుసురా," అన్నాడు. "నువ్వు కూడా చూశావని ఇవాళే తెలిసింది."

ఆ తర్వాత ఆట ముగిసేదాకా కూర్చున్నాడు. మా అమ్మాయి రెండుసార్లు బంతిని బాగా కొట్టింది. రెండుసార్లూ చప్పట్లు కొట్టాడు, వ్యాఖ్యానం మాత్రం చెప్పలేదు.